ఎంటరు కొట్టే అమ్మాయి

కిటికీలోంచి ఎర్రంచు తువ్వాలొకటి ఎగిరొచ్చి పక్క సీట్లో పడింది. సుస్మిత కాస్త జరిగి కూర్చుంది. ఆ తువ్వాలు విసిరిన మనిషి ఇంకా కిందే ఉంది, బస్సు తలుపు దగ్గర తోపులాటలో, కానీ సీటు మాత్రం అప్పుడే ఆవిడదైపోయింది, ఎవరూ కాదనరు, ఎవరూ ఆ తువ్వాలు తీసి అవతల పడెయ్యరు, విజయవాడ బస్టాండులో ఇంతకంటే గట్టి చట్టం ఇంకోటి లేదు. ఆఫీసులో తనకంటే ముందునుంచీ ఉన్న హుమాయూన్ మొదటి వారంలోనే చెప్పాడిది. కాలేజీ నుంచి సరాసరి వచ్చి ఉద్యోగంలో కూర్చున్న కొత్తలో, సర్వర్‌లో రెండు గంటలు కష్టపడి చేసిన పని నెట్ తెగగానే మాయమైపోతే, బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది తను. అతను టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి, మేడమ్ గారూ, మీరు తువ్వాలు వెయ్యకుండా దిగిపోయారండీ, అన్నాడు. ముందు సర్వర్ లోపల ఒక సెషన్ తెరవాలంట, దానికో పేరు పెట్టాలంట, ఆ తర్వాతే పని మొదలెట్టాలంట. ఇక లైను తెగనీ, కరెంటు పోనీ, లాప్‌టాప్ మూసేసి ఇంటికి పోనీ, అక్కడ మీ సీటు అలాగే ఉంటది, మళ్ళీ ఎక్కి కూచోటమే, మీరు వదిలిన అక్షరం దగ్గరే కర్సర్ కొట్టుకుంటా ఉంటది. ఇంజినీరింగ్ నాలుగేళ్ళలో ఏ మేష్టారూ ఇంత సులువుగా చెప్పలేదు. తువ్వాలు వేసిన మనిషి డిసెంబరులో పోయాడు. తువ్వాలు ఇంకా ఉంది.

ఈ రోజు సాయంత్రం ఆరింటి దాకా ఉంటుంది.

తువ్వాలు తాలూకు మనిషి మామిడికాయల సంచితో వచ్చి కూలబడింది. పేరు మాణిక్యమ్మ అని, పామర్రులో దిగుతానని, ఈ కాయలు ఆవకాయకి పనికొస్తాయో రావో చూసి చెప్పమని, సుస్మిత ఏమీ అడక్కుండానే చెప్పింది. సుస్మితకి ఆవకాయ తినడం వచ్చు. కాయ చూసి, బావుందండీ, అంది. ఆవిడ నమ్మలేదు. కండక్టరుకి ఇద్దరూ ఆధార్లు చూపించి సున్నా టికెట్లు తీసుకున్నారు, బస్సు బెంజి సర్కిల్ ఇరుకులోంచి బయటపడి బందరు రోడ్డెక్కింది, ఎండ కిటికీ ఊచల మీదుగా ఒళ్ళో పడి ముందుకీ వెనక్కీ ఊగుతోంది, ఒళ్ళో ఫోను, ఫోన్లో నల్లటి తెర, తెర మీద ఇంకా ఏమీ లేదు, వేలు పెడితే వస్తుంది, వేలు పెట్టలేదు. కంకిపాడు దాటాక పెడదాం. అక్కడ సిగ్నల్ బావుంటుంది. కంకిపాడు దాటింది. ఉయ్యూరు దగ్గర పెడదాం. పని వాయిదా వెయ్యడానికి ఊళ్ళ పేర్లు ఇన్ని ఉండటం ఈ దారిలో ఉన్న సౌకర్యం.

ఫోను మోగింది. పవన్‌కుమార్ గారు, ఆఫీసు.

“ఎక్కడున్నావ్ సుస్మితా?”

“కంకిపాడు దాటానండి.”

“రైవస్ సర్వర్‌లో ఒక సెషన్ ఇంకా అటాచ్డ్ అని చూపిస్తందమ్మా. హుమాయూన్ పేరు మీద. చంపేయనా?”

“వద్దండి. ఆరింటి దాకా చంపకండి.”

“ఆరింటికి మిషనే పీకేస్తన్నాం కదా, దాంతో పాటు అదీ పోయిద్ది. ఈ మాత్రం దానికి హాఫ్ డే లీవ్ పెట్టి చల్లపల్లి దాకా పోవటం ఎందుకు? ఒక ఫోన్ కొడితే అయిపోద్దిగా.”

“మీరు మాత్రం చంపకండి సార్. అంతే.”

మామిడికాయ తుడుస్తున్న మాణిక్యమ్మ చెయ్యి ఆగింది. “ఎవర్నమ్మా?”

“మనిషిని కాదండీ. కంప్యూటర్లో.”

“ఓర్నాయనో. నేనింకా దిగి వేరే బస్సెక్కుదామా అనుకున్నా.”

ఫోన్ కొడితే అయిపోద్దిగా. కొట్టింది. ఆఫ్రీన్ నంబరు, హుమాయూన్ చెల్లెలు, నిన్న రెండుసార్లు కలిపి, అవతల మోగకముందే కట్ చేసింది. ఏమని చెప్పాలి? నమస్తే, మీ అన్నయ్య పోయినా ఆయన సెషన్ పోలేదు, రేపట్నించి అది కూడా ఉండదు, ఉంటానండీ. ఏడిసినట్టుంది. పవన్‌కుమార్ గారికి తెలియనిది, ఎవరికీ చెప్పనిది ఏమిటంటే, ఆ అటాచ్డ్ అన్నది పొరపాటున మిగిలింది కాదు, ఆ సెషన్‌ని అటు చివర ఎవరో పట్టుకుని ఉన్నారు. చల్లపల్లిలో, ఆ ఇంట్లో, హుమాయూన్ శనివారాలు ఇంటికెళ్ళినప్పుడు పని చూసుకోవడానికి వదిలిపెట్టిన పాత లాప్‌టాప్ ఒకటుంది. దానికతను చిన్న స్క్రిప్టు రాసి పెట్టాడు, తెరవగానే తనంతట తనే వెళ్ళి రైవస్ తలుపు తట్టి, అతను వదిలిన సెషన్‌లో కూర్చుంటుంది, నెట్ తెగితే మళ్ళీ తడుతుంది, తలుపు తీసేదాకా తడుతూనే ఉంటుంది. ఆరింటి తర్వాత రైవస్ ఉండదు. ఆ లాప్‌టాప్‌కి ఆ సంగతి తెలియదు. అది తడుతుంది, లేదని వస్తుంది, తడుతుంది, లేదని వస్తుంది, ఒకదాని కింద ఒకటి, ఆ ఇంట్లో దాన్ని చూసుకుంటున్న మనిషెవరో వాళ్ళ కళ్ళ ముందు, రాత్రంతా, రేపంతా. అలా జరగకముందే వెళ్ళి చెప్పాలి. ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఏం చెప్పాలో మాత్రం ఉయ్యూరు దాటాక ఆలోచిద్దాం.

రైవస్ అంటే రైవస్ కాలవే. ఆఫీసులో మూడు మిషన్లు, మూడింటికీ బెజవాడ మూడు కాలవల పేర్లు, అవి హుమాయూన్ పెట్టినవే, బందరు, ఏలూరు, రైవస్, ఏ సినిమా హీరో పేరు పెట్టినా ఆఫీసు రెండు ముక్కలయిపోతదండీ అని. కోచింగ్ కాలేజీల వాళ్ళ వారం పరీక్షల మార్కులన్నీ రైవస్‌లోకి పారేవి. బయట బందరు కాలవ ఎండిపోయి ఉంది, కట్టేశారు, నడుము లోతు గుర్రపుడెక్కా ప్లాస్టిక్ సీసాలూ తప్ప నీటిచుక్క లేదు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. కాలవని కట్టేస్తే వదులుతారు. మిషన్‌ని వదలరు. దాంట్లో మార్కులన్నీ ఎప్పుడో కొత్త చోటికి తీసుకుపోయారు, ఫైళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, ఫైలు ఎక్కడైనా బతుకుతుంది. సెషన్ అలా కాదు. అది ఏ డిస్కులోనూ ఉండదు, కరెంటు ఉన్నంతసేపూ ఆ మిషన్ బుర్రలో తిరుగుతూ ఉంటుంది, అంతే. అందులో ఉన్న అక్షరాల్ని కాపీ చేసుకోవచ్చు. కొట్టుకునే కర్సర్‌ని ఏం కాపీ చేస్తాం.

ఉయ్యూరు. పంచదార ఫ్యాక్టరీ వాసన లేదు, సీజన్ అయిపోయింది, అయినా ఇక్కడికి రాగానే ముక్కు దానంతట అదే ఎదురుచూస్తుంది. ఇక్కడే, ఇక్కడ కాదు, దీని తర్వాత, ఎక్కడో. డిసెంబరులో ఆ శనివారం సాయంత్రం హుమాయూన్ బండి మీద ఇంటికి బయల్దేరాడు, ధాన్యం బస్తాల ట్రాక్టరు, వెనక లైటు లేదు, మంచు కమ్మింది, పామర్రుకి ఇవతల అన్నారు. ఇవతల అంటే ఎంత ఇవతల? తను అడగలేదు, ఎవరూ చెప్పలేదు, దాంతో ఇప్పుడు ఈ దారంతా అక్కడే అయిపోయింది. ఈ కల్వర్టా. ఆ తుమ్మచెట్టు దగ్గరా. రోడ్డు మీద ఆ నల్లటి మచ్చ, అది తారు, తారే. మినుము తీసేసిన చేలు బోసిగా ఇటూ అటూ పరుచుకుని ఉన్నాయి, ఒక్క చోటా ఏ గుర్తూ లేదు, గుర్తు లేని ప్రతి చోటూ గుర్తులానే ఉంది, బస్సు గతుకులో పడ్డప్పుడల్లా కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటోంది. మాణిక్యమ్మ చూసి, కడుపులో తిప్పుతందా అమ్మా, ఈ కాయ వాసన చూడు, తగ్గిద్ది, అని ఒక కాయ ముక్కు దగ్గర పెట్టింది. నిజంగానే కొంచెం తగ్గింది.

రెండు చేతుల పద్ధతి, అదీ అతనిదే. సర్వర్ మీద ప్రమాదం లేని పనులు ఎవరివి వాళ్ళు చేసుకోవచ్చు, కానీ దేన్నన్నా చెరిపేసే పని, ఒకసారి చేస్తే వెనక్కి రాని పని, ఒక మనిషి చెయ్యకూడదు. ఒకరు ఆ కమాండ్ టైపు చేసి చేతులు తీసెయ్యాలి. ఇంకొకరు వచ్చి నిదానంగా చదివి, సబబుగా ఉంటే ఎంటరు కొట్టాలి. టైపు చేసినవాడే ఎంటరు కొట్టాడంటే వాడికి వారం టీ బంద్. పవన్‌కుమార్ గారు దీన్ని చాదస్తమన్నారు, ఒకసారి పక్క కంపెనీలో ఎవరో ఒక్క ఖాళీ ఎక్కువ కొట్టి నెల రోజుల డేటా ఊడ్చేసుకున్నారని తెలిశాక ఆ మాట అనడం మానేశారు. ఆఫీసులో మిగతావాళ్ళు ఎవరికి దొరికిన వాళ్ళతో ఎంటరు కొట్టించుకునేవాళ్ళు. హుమాయూన్ టైపు చేస్తే కొట్టేది సుస్మిత. సుస్మిత టైపు చేస్తే కొట్టేది హుమాయూన్. ఎప్పుడు అలా ఖాయమైందో తెలియదు. కమాండ్ చివర ఒక గుర్తు పెడితే దాని తర్వాత ఏం రాసినా మిషన్ చదవదు, మనుషుల కోసం వదిలిన జాగా అది, ఆ జాగాలోనే ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎందుకంటే ఆ నల్ల తెర మీద తెలుగు అక్షరాలు గుణింతాలు ఊడి చెల్లాచెదురుగా పడతాయి. ఈ రోజు కూర ఏంటి. పవన్‌కుమార్ గారి చొక్కా చూశారా. నిన్న ఏడ్చారా, కళ్ళు వాచాయి. మిషన్ చదవని చోట రెండేళ్ళు. ప్రతి సెషన్‌కీ పేరు పెట్టాలని అంత పట్టుబట్టే మనిషి ఇద్దరి మధ్యా ఉన్న దీనికి మాత్రం పేరు పెట్టలేదు, తనూ పెట్టలేదు, పెడితే అటు వాళ్ళమ్మ సైదాబీ గారికీ ఇటు తన వాళ్ళకీ జవాబు చెప్పుకోవాలని ఇద్దరికీ తెలుసు, తెలిసినట్టు ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

ఆ శనివారం సాయంత్రం, లైను పెట్టాను, సోమవారం చూసి కొట్టండి, అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున పవన్‌కుమార్ గారు ఫోన్ చేశారు. సోమవారం ఎవరూ ఏదీ కొట్టలేదు. మంగళవారం కూడా. ఆ తర్వాత ఆ లైను సంగతి ఎవరికీ గుర్తు లేదు, సుస్మితకి తప్ప. తనొక్కతే రోజూ ఆఫీసుకొచ్చి, ఆ సెషన్ పేరు జాబితాలో చూసి, ఉంది కదా అనుకుని, తెరవకుండా వేరే పని చూసుకునేది. తెరిస్తే చదవాలి. చదివితే సబబుగానే ఉంటుంది, అతను ఎప్పుడూ తప్పు టైపు చెయ్యడు. సబబుగా ఉంటే కొట్టాలి. కొడితే అయిపోతుంది. కొట్టనంత కాలం అవతల ఒక మనిషి చేతులు తీసేసి, తను చదివేదాకా ఆగి ఉన్నట్టే కదా. ఇది తర్కమా అంటే కాదు. ఇదే తర్కం వేరే ఎవరన్నా చెప్తే తను జోకు వేసి ఉండేది.

అతను పోయి వారం తిరక్కుండానే, స్కూటీ మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే ఫోన్లో మెసేజి. హుమాయూన్ గారు లాగిన్ అయ్యారు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా బండి కదల్లేదు. సర్వర్‌లోకి ఎవరొచ్చినా తన ఫోనుకి మెసేజి వచ్చేలా పెట్టింది అతనే, ఆ గారు కూడా అతనే రాసుకున్నాడు, నాకు మర్యాద ఇచ్చే మిషన్ ఇదొక్కటేనండీ అని. రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడి చూసింది, వచ్చింది ఎక్కణ్ణించి, చల్లపల్లి నుంచి, వాళ్ళ ఇంటి నెట్ నుంచి. ఎవరో అతని ఐడీ వాడేస్తున్నారా, ఎవరు, ఆఫ్రీన్ బీఈడీ చదువుతోంది, వాళ్ళమ్మగారికి ఫోను ఎత్తడం తప్ప రాదు. రెండు రోజుల తర్వాత మళ్ళీ. హుమాయూన్ గారు లాగిన్ అయ్యారు. ఆ సాయంత్రమే ఆఫ్రీన్ వాట్సాప్ స్టేటస్‌లో, మళ్ళీ కరెంటు పోయింది బాబోయ్, అని దండం పెట్టే బొమ్మ. అప్పుడు తెలిసింది. అక్కడ కరెంటు పోతే నెట్ పోతుంది, కాసేపటికి పాత బ్యాటరీ అయిపోయి లాప్‌టాప్ కూడా పోతుంది. కరెంటు రాగానే ఎవరో దాన్ని మళ్ళీ ఆన్ చేస్తున్నారు. అది వెళ్ళి తలుపు తడుతోంది. ఇంతే. దయ్యం కాదు, వైరింగు. ఇంత తెలిశాక కూడా, ఎండలు ముదిరి ఆ ఊళ్ళో రోజుకి నాలుగైదుసార్లు కరెంటు పోవడం మొదలయ్యాక, మధ్యాహ్నం అన్నం కలుపుతూ మెసేజి కోసం చూసేది. వచ్చారు. మళ్ళీ వచ్చారు. ఒక రోజు పొద్దుట్నించీ కరెంటు పోనందుకు రాత్రి అన్నం సహించలేదు. పవన్‌కుమార్ గారు ఆ ఐడీ బ్లాక్ చెయ్యమన్నప్పుడు సరేనండీ అంది, చెయ్యలేదు.

ఎవరు ఆన్ చేస్తున్నారు? ఎందుకు? పిచ్చిదానిలా తను ఇక్కడ చూస్తున్నట్టే అక్కడ ఎవరో చూస్తున్నారా, ఆ కర్సర్ గీత ఆరుతూ వెలుగుతూ ఉంటే, మనిషి ఉన్నట్టు?

పామర్రు ఇంకా రాలేదు. వేలు పెట్టింది. తెర మీద తిరుగుతోంది, తిరుగుతోంది, తెగింది. ఇక్కడ ఎప్పుడూ అంతే, అతను బస్సులో వెళ్ళినప్పుడు కూడా ఈ ముక్కలో తెగిపోయేవాడు, పామర్రు దాటాక మళ్ళీ వచ్చేవాడు. రావడమంటే, తను ఆఫీసులో పెద్ద తెర మీద పని చేసుకుంటూ ఉండగా ఉన్నట్టుండి ఆ పనంతా ముడుచుకుని ఒక మూలకి చిన్నదైపోయేది, మిగతా ఖాళీ అంతా చుక్కలు నిండేవి, వాకిట్లో ముగ్గుకి చుక్కలు పెట్టి గీతలు కలపకుండా వదిలేసినట్టు. ఒకే సెషన్‌లోకి రెండో మనిషి చిన్న తెర మీంచి వచ్చి కూర్చుంటే ఇద్దరికీ ఆ చిన్న కొలతే వస్తుంది, అంతే, అందులో వింతేం లేదు. కానీ ఆ చుక్కలు రాగానే సుస్మిత వెన్ను నిటారు చేసుకునేది, జుట్టు వెనక్కి తోసుకునేది, అక్కడెక్కడో పామర్రు దగ్గర బస్సులో వేలాడుతున్న మనిషికి కనిపిస్తున్నట్టు. తనూ చేసేది ఆ పని, శనివారం సాయంత్రాలు, అతను ఇంటికి చేరాక, హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఫోన్లోంచి వెళ్ళి ఒక్క నిమిషం కూర్చుని వచ్చేది. ఏమీ రాసేది కాదు. చుక్కలు పెట్టి వచ్చేది.

చటుక్కున ఫోను బిగించి పట్టుకుంది. ఇప్పుడు వెళితే ఆ ఇంట్లో ఆ తెర మీద చుక్కలు వస్తాయి. ఇన్ని నెలలుగా కదలని తెర, ఉన్నట్టుండి ముడుచుకుని, చుట్టూ చుక్కలు. అటు కూర్చున్న మనిషి ఏమనుకుంటారు? ఆ కూర్చున్నది వాళ్ళమ్మగారే అయితే? కొడుకొచ్చాడనుకుంటే? వద్దు. కానీ ఆ లైనులో ఏముందో చూడకుండా వాళ్ళ గుమ్మం ఎలా ఎక్కడం, ఏముందమ్మా అందులో అంటే తెలియదని ఎలా చెప్పడం. ఇంకో దారి ఉంది, అవతలివాళ్ళని దింపేసి తనొక్కతే ఎక్కొచ్చు, అప్పుడు చుక్కలు రావు, అక్కడ తెర మీద సెషన్ లాక్కున్నారని ఒక ముక్క వచ్చి మామూలు తెర అయిపోతుంది. అంటే తువ్వాలు తీసి అవతల పడెయ్యడం. అది బెజవాడలో బస్సెక్కినవాళ్ళు చేసే పని కాదు.

“ఏంటమ్మాయ్ ఆ నల్ల అద్దం? బొమ్మ కూడా లేదుగా, అంతలా చూస్తన్నావు,” అంది మాణిక్యమ్మ సంచి సర్దుకుంటూ.

“ఒకళ్ళు ఒక మాట రాసి పెట్టారండీ. చదవాలా వద్దా అని.”

“ఎవరూ, అబ్బాయా?”

సుస్మిత నవ్వడానికి చూసింది. “లేడండి ఇప్పుడు.”

ఆవిడ అయ్యో అనలేదు. “రాసింది చదవటానికేగా,” అని, ఒక మామిడికాయ సుస్మిత ఒళ్ళో పెట్టి, పామర్రు సెంటర్లో దిగిపోయింది. తువ్వాలు కూడా తీసుకుపోయింది. సీటు ఖాళీ అయింది. ఎవరూ కూర్చోలేదు.

సిగ్నల్ నాలుగు గీతలు. వేలు పెట్టింది, ఇద్దరూ కూర్చునే పద్ధతిలో. తెర నల్లగా వెలిగింది. పైన ఏవో పాత పనుల మరకలు, కింద అతని పేరు, పక్కన రైవస్, ఆ పక్కన లైను. చదివింది. అతను చెప్పినట్టే, నోట్లో ఒక్కో అక్షరం అనుకుంటూ. పాత సంవత్సరం కోచింగ్ కాలేజీల వారం పరీక్షల ర్యాంకులన్నీ చెరిపెయ్యమని. కొన్ని వేలమంది పిల్లలు, ఒక్కొక్కరికీ వారానికో ర్యాంకు, వాటి కోసం ఎన్ని బాత్రూముల్లో ఎంతమంది మొహాలు కడుక్కున్నారో, అన్నీ ఒక్క లైనులో. తప్పు లేదు. ఖాళీ ఎక్కువ లేదు. దాని చివర గుర్తు, గుర్తు తర్వాత మిషన్ చదవని జాగాలో, చదివి కొట్టండి మేడమ్ గారూ, తొందరేం లేదు.

కర్సర్ ఆ మాట చివర కొట్టుకుంటోంది.

ఫోన్లో ఎంటరు బొటనవేలి కింద ఉంది. బస్సు కుదుపుకే పడిపోయేంత దగ్గరగా. వేలు పక్కకి తీసేసింది. బస్సు కూచిపూడి వైపు తిరిగింది, ఎండ కళ్ళలో పడుతోంది, అందుకే నీళ్ళు, ఎండకే. తెర మీద పైన మూలలో రెండు అని చూపిస్తోంది, ఇద్దరు ఉన్నారు ఈ సెషన్‌లో, ఒకరు తను. ఆ రెండో మనిషి ఏమీ టైపు చెయ్యడం లేదు. తనూ చెయ్యలేదు. ఊళ్ళు వెళ్ళిపోతున్నాయి. అటు పక్క ఊపిరి వినిపిస్తున్నట్టే ఉంది, వినపడదని తెలుసు, అక్షరాలు తప్ప ఇందులోంచి ఏదీ రాదని తెలుసు, అయినా తన ఊపిరి నెమ్మదిగా వదిలింది. సిగ్నల్ మళ్ళీ తెగేదాకా అలాగే కూర్చుంది.

చల్లపల్లిలో దిగేసరికి ఐదు దాటింది. కోట గోడ పక్కనుంచి ఆటో వెళ్ళి రెండో సందు మొదట్లో వదిలింది. ఇల్లు అడగక్కర్లేకపోయింది. ఆకుపచ్చ తలుపు బార్లా తెరిచి ఉంది, గుమ్మంలో తెల్లటి దుపట్టా తల మీద కప్పుకున్న పెద్దావిడ నిలబడి సందు చివరికి చూస్తోంది, చాలాసేపట్నించి నిలబడ్డ మనిషి నిలబడే తీరులో, ఒక చెయ్యి తలుపు రెక్క మీద వేసి. వెనక ఆఫ్రీన్.

“సుస్మితక్కా?” అంది ఆఫ్రీన్, ఫొటోల్లో చూసిన మొహాన్ని గుర్తుపడుతూ. “అక్కా, ఇందాక భయ్యా లాప్‌టాప్ కదిలింది. అంతా చిన్నదైపోయి చుట్టూ చుక్కలొచ్చినయ్. అప్పట్నించి అమ్మీ ఇక్కడే నిలబడింది, కూచోమన్నా కూచోలేదు.”

భయపడ్డదే అయింది. సుస్మిత చెప్పులు విప్పకుండానే గడప అవతలే ఆగిపోయింది. “నేనేనండి అది. బస్సులోంచి ఫోన్లో చూశాను. మీరు ఇంకేదో అనుకుని ఉంటారు. తప్పయిపోయిందండి.”

సైదాబీ ఆమెని పైనుంచి కిందికి చూసింది.

“ఇంకేమనుకుంటా. వాడొచ్చాడనా? నా చేతుల్తో సాగనంపా వాణ్ణి, వాడెట్టొస్తాడు.” ఆవిడ తలుపు రెక్క మీంచి చెయ్యి తీసింది. “చుక్కలొస్తే నువ్వొచ్చినట్టు. శనివారాలు ఇంటికాడ కూచుని పని చేసుకుంటా ఉంటే చుక్కలొచ్చేయి, వాడు తనలో తను నవ్వుకునేవాడు. ఎవర్రా అంటే, ఎంటరు కొట్టే అమ్మాయి అమ్మీ, అనేవాడు. నువ్వేగా?”

“నేనేనండి.”

“ఇన్నాళ్ళు పట్టిందేమ్మా రావటానికి?”

సుస్మిత చెప్పులు విప్పి గడప దాటింది. దారి పొడవునా తయారు చేసుకున్న మాటలన్నీ వేరే ప్రశ్నకి.

లోపల కిటికీ పక్క బల్ల మీద లాప్‌టాప్, దుమ్ము లేదు, రోజూ తుడుస్తున్నట్టున్నారు. అదే లైను. అదే, తొందరేం లేదు. కీబోర్డులో పెద్ద మీట ఒకటి కనపడటం లేదు, దాని మీద నొప్పుల బామ్ సీసా మూత బోర్లించి, కదలకుండా ప్లాస్టర్ అంటించి ఉంది. సైదాబీ ఆ మూతని చూపించింది. “లైను పెట్టొచ్చినప్పుడల్లా, ఆ పెద్ద బటన్ జోలికి ఎవరూ పోవద్దనేవాడు. అది తను కూడా కొట్టేది కాదంట, ఆ అమ్మాయే కొట్టాలంట, ఆ అమ్మాయి కొట్టిందాకా మూయొద్దనేవాడు. దీని దగ్గరికి చదువుకొచ్చే పిల్లలొకళ్ళు, పక్కింటోళ్ళొకళ్ళు, ఎవరి చెయ్యి తగిలిద్దోనని మూతేశా. కరెంటు పోయినప్పుడల్లా నేనే తీస్తన్నా. నువ్వొచ్చేటప్పటికి మూసుంటే నీ పని ఆగిపోయిద్దిగా.”

ఆఫ్రీన్ కళ్ళు తుడుచుకుంది. “నేను చెప్పానక్కా, ఆఫీసోళ్ళు ఎప్పుడో చూసుకునుంటారు, మూసెయ్యమని. వినలా.”

ఇన్ని నెలలు. తను అక్కడ కొట్టకుండా ఆగింది, అతను ఆగి ఉంటాడని. ఈవిడ ఇక్కడ మూయకుండా ఆగింది, తను వచ్చి కొట్టాలని. మధ్యలో కరెంటు పోతూ వస్తూ, ఆ మిషన్ ఒకటి, గారు అని మర్యాదగా. సుస్మిత కుర్చీలో కూర్చుంది, కూర్చున్నాక అది అతని కుర్చీ అని తట్టింది, లేవలేదు. అప్పుడు చెప్పింది, ఆరింటికి అక్కడ పెద్ద మిషన్ తీసేస్తున్నారని, ఆ తర్వాత ఇది ఎంత తట్టినా తలుపు తియ్యదని, ఈ లైను ఇక రాదని. సైదాబీ విని గోడ గడియారం వైపు చూసింది. మళ్ళీ మూత వైపు చూసింది. గోటితో ప్లాస్టర్ అంచు లేపి, మెల్లగా ఊడదీసి, మూత తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

“చదివావా?”

“చదివానండి.”

“బానే రాశాడా?”

“బానే రాశారండి. ఒక్క తప్పు లేదు.”

“అయితే కొట్టు మరి.”

ఆ మీట మిగతావాటికంటే కొత్తగా ఉంది, దుమ్మూ వేలిముద్రా లేకుండా, చుట్టూ ప్లాస్టర్ జిగురు గుండ్రంగా. కొట్టింది. ఏమీ కాలేదు. ఒక్క మాట కూడా రాలేదు, లైను పైకి జరిగింది, దాని కింద మళ్ళీ అతని పేరు, పక్కన రైవస్, పక్కన ఖాళీ, ఖాళీలో కర్సర్, ఆరుతూ, వెలుగుతూ.

“అయిందా?” అంది సైదాబీ.

“అయిందండి.”

“ఏం అనలేదే?”

“ఏమీ అనకపోతే అయిపోయినట్టేనండి. ఏదన్నా తేడా వస్తేనే మాట్లాడతది.” ఇది ఎవరి మాటో ఇద్దరికీ తెలుసు.

సైదాబీ తెర మీదికి వంగి చూసింది. “పేరు మళ్ళీ వచ్చిందిగా. ఇంకా ఏదో అడుగుతున్నట్టుంది.”

“తర్వాత ఏంటి అని అడుగుతుందండి.”

సుస్మిత మీటల మీద చేతులు పెట్టింది. తలుపు తట్టే స్క్రిప్టుని ముందు ఆపేసింది. తర్వాత అతని పేరు పక్కన సెషన్ మూసేసే మాట టైపు చేసింది, చిన్న మాట, నాలుగే అక్షరాలు. దాని చివర గుర్తు పెట్టింది. గుర్తు తర్వాత ఏం రాయాలో తెలియలేదు, మిషన్ చదవని జాగా అంతా ఖాళీగా ఉంది, ఎంతైనా రాయొచ్చు. ఏమీ రాయలేదు. చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇది నేను కొట్టకూడదండీ. టైపు చేసింది నేను కదా. వేరేవాళ్ళు కొట్టాలి.”

“ఎవరు?”

“మీరే కొట్టాలండి.”

సైదాబీ గడియారం చూసింది. ఆఫ్రీన్ టీ గ్లాసులు తెచ్చి బల్ల చివర పెట్టింది, పక్కనే సుస్మిత సంచిలోంచి బయటపడ్డ మామిడికాయ. బయట సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“ఆరు దాకా ఉంటదన్నావుగా.”

“ఉంటదండి.”

ఆవిడ గుప్పిట విప్పి బామ్ మూత ఆ పెద్ద మీట మీద మళ్ళీ బోర్లించింది. ప్లాస్టర్ వెయ్యలేదు. వేలు దాని మీదే పెట్టి ఉంచింది.

“ఉండనీ మరి. కొడతాలే. నువ్వు టీ తాగు.”

సుస్మిత గ్లాసు అందుకుంది. ఊదుకుంటూ, ఒక్కో గుక్కా, నిదానంగా తాగింది.